ఉపాయం పుట్టిన చోటు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కొత్త పరికరాల గురించి, వాటిని కనిపెట్టినవారి గురించి, నీళ్ళకూ కరెంటుకూ తుఫానుకూ సంబంధించిన సాంకేతిక ఉపాయాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఆరింటిని ఈ నెల తీసుకున్నాము. పొడవైన ఉత్తరాల సారాన్ని మాత్రమే ఇచ్చాము. జవాబు రాసే నాకు ఒక పక్షపాతం ఉంది, అది ముందే చెప్పుకోవడం మంచిది. ఏ పరికరాన్ని చూసినా, అది ఎంత తెలివైనదో అడిగే ముందు, ఏ ఊరి అవసరంలో పుట్టింది, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు అని అడగడం నాకు అలవాటు.

ప్రశ్న: మాది ఆలేరు దగ్గర చేనేత కుటుంబం. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారి గురించి మా కాలేజీలో ఒక ఉపన్యాసం జరిగింది. ఆయనకు ఆ యంత్రం చేయడానికి ఏడేళ్ళు పట్టిందట. మా ప్రయోగశాలలో ఉన్న సదుపాయాలతో అయితే ఆరు నెలల్లో అయిపోయేదని మా మిత్రులు అంటున్నారు. నిజమేనా? — ఒక విద్యార్థిని

జవాబు: ఆరు నెలల్లో అయిపోవడం మాట అటుంచండి, అమ్మా, మీ ప్రయోగశాలలో అది అసలు మొదలయ్యేదే కాదని నా అనుమానం. ఎందుకో చెబుతాను.

ఆసు మీ ఇంట్లో రోజూ చూసేదే అయినా, చూడని పాఠకుల కోసం కొంచెం వివరించాలి. పోచంపల్లి పద్ధతి చీర మీద కనిపించే బొమ్మ మగ్గం మీద పుట్టదు, నూలు మీదే పుడుతుంది. నేతకు ముందే పేక దారాన్ని, అంటే బట్టలో అడ్డంగా వచ్చే దారాన్ని, ఒక చట్రం మీద కొలత ప్రకారం పేర్చుకొని, రంగు అంటకూడని చోట్ల గట్టిగా కట్లు కట్టి, ఆ తర్వాత రంగులో ముంచుతారు. ఆ కట్టడాన్ని చిటికి అంటారు. దానికి ముందు జరిగే పేర్పే ఆసు పోయడం. చట్రానికి ఒక కొసన ఒకే మేకు ఉంటుంది. దానికి సుమారు మీటరు దూరంలో, ఎదురుగా, అర్ధచంద్రాకారంలో మేకుల వరుస ఉంటుంది. దారం పట్టుకున్న చేయి ఈ కొస మేకు నుంచి ఆ వరుసలోని మేకుకు వెళ్ళి, దాన్ని చుట్టి, మళ్ళీ వెనక్కి రావాలి. అలా ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు తిరగాలి, నాలుగైదు గంటల సమయం పట్టాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే భుజం 18,000 సార్లు కదిలినట్టు. దారం ఒక మేకు దగ్గర తప్పితే బొమ్మ చెదిరిపోతుంది కాబట్టి, చేయి ఎంత అలసినా కన్ను మాత్రం అలసిపోకూడదు.

మల్లేశం గారు ఆలేరు మండలం శారాజీపేటలో పుట్టినవారు. తల్లి లక్ష్మి గారు భుజం నొప్పితో బాధపడుతూనే ఆసు పోస్తూ ఉండడం చూసి 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. చేతి కదలికను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క భాగం తయారు చేసుకుంటూ వచ్చారు. డబ్బు చాలలేదు, ఈ పిచ్చి మానుకొమ్మని అయినవాళ్ళే చెప్పారు. హైదరాబాదు వచ్చి కరెంటు పనులు చేసుకుంటూ, మిగిలిన డబ్బును మళ్ళీ యంత్రానికే పెట్టారు. చివరికి ఒక కదలిక మాత్రం అంతు చిక్కకుండా మిగిలిపోయింది. బాలానగర్‌లో ఒక కర్మాగారానికి పని మీద వెళ్ళినప్పుడు, అక్కడ మరేదో పని చేస్తున్న యంత్రంలో తనకు కావలసిన కదలిక కనిపించింది. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు మీ మిత్రుల మాటకు వద్దాం. చేనేతకు మేలు చేయాలని బయలుదేరిన ఇంజనీర్లందరి చూపూ మగ్గం మీద పడింది. మగ్గం ముందు కూర్చునేది ఇంటి యజమాని. కూలి లెక్క అక్కడ రాస్తారు. ఆసు ఆడవాళ్ళ పని, వంట తర్వాతా వంటకు ముందూ చేసే పని, చాలా ఇళ్ళలో కూలి పద్దులోకే ఎక్కని పని. లెక్కకు రాని పని మీద ప్రాజెక్టు రిపోర్టు ఎవరు రాస్తారు? ఆ నొప్పిని రోజూ చూసిన కొడుకుకు తప్ప అది సమస్యగా కనిపించే అవకాశమే తక్కువ. నాకు ఇంకొకటి కూడా నచ్చుతుంది: ఆ యంత్రం చిటికి కట్టే చేతినీ ముట్టుకోలేదు, నేసే చేతినీ ముట్టుకోలేదు. నైపుణ్యం ఉన్నచోట మనిషిని ఉంచి, నొప్పి మాత్రమే ఉన్నచోట యంత్రాన్ని పెట్టింది. ఎక్కడ ఆగాలో తెలిసినవాడు చేసిన యంత్రం అది.

మీ మిత్రుల మాటలో నిజం ఒకటి ఉంది, దాన్ని కాదనను. ఆ ఏడేళ్ళలో చాలా భాగం ఆలోచనకు కాదు, డబ్బు లేక, లేతు మిషను అందుబాటులో లేక గడిచిపోయిన కాలం. సమస్యను గుర్తించిన మనిషికి మీ కాలేజీ వర్క్‌షాపు తలుపు తెరిచి ఉంటే ఆ కాలం తగ్గేది. కాబట్టి మీ మిత్రులను ఒక పూట మీ ఇంటికి తీసుకువెళ్ళి ఆసు ముందు కూర్చోబెట్టండి, 9,000లో ఒక వెయ్యి లెక్కపెట్టమనండి.

ప్రశ్న: కరెంటు అక్కర్లేని మట్టి ఫ్రిజ్ గురించి చదివి ముచ్చటపడి తెప్పించుకున్నాను. రాయదుర్గంలో మా చెల్లెలి ఇంట్లో అదే ఫ్రిజ్‌లో కూరగాయలు నాలుగు రోజులు తాజాగా ఉంటున్నాయి. మా ఇంట్లో రెండో రోజుకే ఆకుకూర వడలిపోతోంది. నాకు పగుళ్ళున్న సరుకు అంటగట్టారా? — ఒక గృహిణి, కాకినాడ

జవాబు: సరుకులో లోపం ఉండకపోవచ్చునండి, లోపం కాకినాడ గాలిలో ఉంది.

ఈ మట్టి ఫ్రిజ్‌ను తయారు చేసినవారు గుజరాత్‌లోని వాంకానేర్‌కు చెందిన కుమ్మరి మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి. 2001 జనవరి 26న వచ్చిన భుజ్ భూకంపం తర్వాత, పగిలిపోయిన నీళ్ళ కుండ ఫొటో వేసి, పేదవాడి ఫ్రిజ్ పగిలిపోయిందని ఒక పత్రిక రాసింది. ఆ మాట ఆయన మనసులో నాటుకుంది. కుండ పేదవాడి ఫ్రిజ్ అయినప్పుడు, కుండతోనే నిజమైన ఫ్రిజ్ ఎందుకు చేయకూడదని అనుకొని, మట్టి మిశ్రమాలు మార్చి మార్చి చూసి, పైన నీళ్ళ అర, కింద కూరగాయలకూ పాలకూ చోటు ఉండేలా మిట్టీకూల్ అనే ఈ ఫ్రిజ్‌ను రూపొందించారు. పై అరలోని నీరు మట్టి గోడల్లోకి ఊరి, బయటి ముఖం మీద ఆవిరవుతూ, లోపలి వేడిని లాగేసుకుంటుంది. తెలంగాణ ఇళ్ళలో రంజన్, ఇతర చోట్ల కూజా, కడవ చేసే పని కూడా ఇదే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకేలరీల వేడి కావాలి. లెక్క ప్రకారం ఆ వేడి యాభై లీటర్ల నీటిని పది డిగ్రీలు చల్లబరచడానికి మించి సరిపోతుంది. ఇంత పని చేసే యంత్రంలో కదిలే భాగం ఒక్కటీ లేదు.

అయితే నీరు ఆవిరి కావాలంటే గాలిలో దానికి చోటుండాలి. గాలి 40 డిగ్రీల వేడితో, 20 శాతం తేమతో ఉంటే, తడి వస్తువు ఎంత చల్లబడినా ఆగే హద్దు 22, 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే 34 డిగ్రీల వేడి, 75 శాతం తేమ అయితే ఆ హద్దు 30 డిగ్రీలు. రాయదుర్గం వేసవి మొదటి లెక్కకు దగ్గర, మీ సముద్రతీరం రెండో లెక్కకు దగ్గర. ఎండ ఎక్కువగా ఉన్న ఊళ్ళో ఫ్రిజ్ బాగా పనిచేసి, ఎండ తక్కువగా ఉన్న ఊళ్ళో పనిచేయకపోవడం వింతగా కనిపిస్తుంది గాని, చెమట ఆరని ఉక్కపోత అనుభవించినవారికి ఇది కొత్త సంగతి కాదు.

చేయదగినవి రెండున్నాయి. గోడకు ఆనించకుండా, కిటికీకి ఎదురుగా, గాలి నాలుగు వైపులా ఆడేచోట పెట్టండి. బోరు నీళ్ళు పోస్తున్నట్లయితే మానండి. ఆ నీటిలోని ఉప్పు బయటి ముఖం మీద తెల్లటి చారలుగా తేలి మట్టి రంధ్రాలను మూసేస్తుంది. ఇప్పటికే తేలి ఉంటే సబ్బు వాడకుండా కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. ఇంత చేసినా రాయదుర్గంలో దొరికే చల్లదనం మీకు దొరకదు. శ్రావణ మాసంలో మీ చెల్లెలికి కూడా కొంత తగ్గుతుంది, అది మీకు కాస్త ఊరట.

ప్రశ్న: లదాఖ్‌లో సోనమ్ వాంగ్‌చుక్ గారు కట్టిన మంచు స్తూపాల గురించి మా పిల్లలకు పాఠం చెప్పాను. నీళ్ళు లేని మా అనంతపురంలో కూడా అలాంటిది కట్టవచ్చా అని ఒక పిల్లవాడు అడిగాడు. మంచు పడదు కదా అని అందరూ నవ్వారు. వాడికి సరైన జవాబు ఏమి చెప్పాలి? — ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

జవాబు: నవ్వినవాళ్ళ కంటే ఆ పిల్లవాడే సరైన దారిలో ఉన్నాడు. మంచును పక్కనపెట్టి, ఆ స్తూపం చేసే పనిని చూడమని వాడికి చెప్పండి.

లేహ్ ప్రాంతంలో ఏడాదికి పడే వర్షం సుమారు 100 మిల్లీమీటర్లు. పొలాలకు నీళ్ళు కొండ మీది హిమానీనదాలు కరిగి రావాలి, అవి బాగా కరిగేది ఎండలు ముదిరాక. బార్లీ విత్తుకునే ఏప్రిల్, మే నెలల్లో వాగు సన్నగా ఉంటుంది. చలికాలంలో మాత్రం అదే వాగు నీరు ఎవరికీ అక్కరకు రాకుండా దిగువకు పోతూ ఉంటుంది. అంటే అక్కడి కష్టం నీటి కొరత ఒక్కటే కాదు, నీరు వచ్చే వేళకూ కావలసిన వేళకూ పొంతన లేకపోవడం కూడా. దీన్ని మొదట పట్టించుకున్నవారు చెవాంగ్ నోర్ఫెల్ అనే సివిల్ ఇంజనీరు. వాగులో పారే నీరు గడ్డకట్టకుండా పోతుంటే, పాప్లార్ చెట్ల నీడలో నెమ్మదిగా సాగే పాయ మాత్రం గడ్డకట్టి ఉండడం ఆయన గమనించారు. నీటిని నెమ్మదింపజేసి, నీడపట్టున పరిస్తే మంచు నిలుస్తుందని, 1987లో మొదటి కృత్రిమ హిమానీనదాన్ని చేశారు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు.

నోర్ఫెల్ గారి మంచు నేల మీద పరచుకొని ఉండేది కాబట్టి, దానికి ఎత్తైన, నీడ ఉన్న చోటు కావాలి. వాంగ్‌చుక్ గారు ఆ పరుపును నిలువుగా నిలబెట్టారు. ఎగువన వాగులో నుంచి నేలలో పాతిన గొట్టం ద్వారా నీటిని కిందికి తెచ్చి, కొసను పైకి తిప్పితే, మోటారు లేకుండానే నీరు చిమ్ముతుంది; రాత్రి గడ్డకట్టించే చలిలో నేల చేరేలోగా మంచవుతుంది. అలా పేరుకున్న శంకువు ఆకారంలో, లోపలున్న మంచుతో పోలిస్తే ఎండకు ఎదురయ్యే పైముఖం తక్కువ. ఊరి పక్కనే, ఎండపట్టున కట్టినా త్వరగా కరగదు, విత్తుకునే వేళకు నెమ్మదిగా కరుగుతూ పొలాలకు నీరిస్తుంది. 2015లో ఫ్యాంగ్ గ్రామం దగ్గర కట్టినది సుమారు 20 మీటర్ల ఎత్తు వరకు పెరిగి, జూలై మొదటి వారం దాకా నిలిచింది. ఆ మరుసటి ఏడు ఆయనకు రోలెక్స్ అవార్డు వచ్చింది. గొట్టంలోనే నీరు గడ్డకట్టి పగలడం వంటి తలనొప్పులు అక్కడివాళ్ళకు తప్పలేదు.

ఇక అనంతపురానికి రండి. మీ జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది. లేహ్‌తో పోలిస్తే ఐదింతలు. పిల్లల చేత ఈ లెక్క చేయించండి: వంద చదరపు మీటర్ల బడి కప్పు మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే 55,000 లీటర్లు. అందులో ఐదో వంతు పోయిందనుకున్నా 44,000 లీటర్లు మిగలాలి. మిగలకపోవడానికి కారణం, ఆ వాన కొద్ది రోజుల్లో కురిసి పోవడం, నిలిచిన నీటిని ఎండ తాగేయడం. మీ దగ్గర వాన తెచ్చే నీటికంటే ఎండ ఆవిరి చేయగల నీరు కొన్ని రెట్లు ఎక్కువ. కాబట్టి మీరు కట్టవలసిన స్తూపం భూమి లోపల ఉంటుంది. ఇంకుడు కుంట, వాలుకు అడ్డంగా కట్టిన గట్టు, పూడిక తీసిన చెరువు, ఇవన్నీ నీటిని ఎండకు దొరకకుండా దాచే ఏర్పాట్లే. లదాఖ్‌లో శంకువు చేసే పనిని మీ ఊళ్ళో మట్టి చేస్తుంది.

ఇంకొక సంగతి కూడా ఆ పిల్లవాడికి చెప్పండి, సంతోషిస్తాడు. మీ పొరుగున కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి ఒక శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువు గట్టున వేయించినది. చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను అందులో వరుసగా చెక్కారు. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తీయని నీటి ఏరు, పొడవైన రాళ్ళు దొరికే గని, పని తెలిసిన మనుషులు అంగాల్లో ఉన్నాయి. గట్టు నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు మధ్యలో మెరక, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం దోషాల్లో ఉన్నాయి. మిగిలిన దోషం, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం. ఆ దోషానికి వ్యాఖ్యానం రాయడం రోజూ దినపత్రిక చదివే పాఠకులకు అనవసరం. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళ పాటు రోజూ పనిచేసి ఆ చెరువు కట్టారని కూడా అందులోనే ఉంది. కనిపెట్టినవారు ఎప్పుడూ ఎక్కడో దూరాన ఉంటారనే భ్రమ పోగొట్టడానికి, పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్ళడం మంచిది.

ప్రశ్న: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి. కరెంటు, ఫోను రెండూ పోయి మా నాన్నగారి జాడ తెలియక ఇంట్లో పడిన ఆందోళన ఇప్పటికీ గుర్తుంది. ఇంత సాంకేతికత ఉన్నా ఫోన్లు ఎందుకు మూగబోతాయి? మూగబోనిది ఏదైనా ఉందా? — ఒక డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీ చేతిలోని ఫోను స్వతంత్రమైన పరికరం కాదు. అది టవరు మీద, టవరు కరెంటు మీద, కరెంటు లేకపోతే బ్యాటరీ మీదా డీజిల్ మీదా, ఆ టవరును మిగతా ప్రపంచంతో కలిపే తీగ మీద ఆధారపడి ఉంటుంది. కూలిన చెట్లు రోడ్డును మూసేస్తే డీజిల్ డబ్బా టవరు దాకా చేరదు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మీ ఫోను అద్దం ముక్కే.

ఇంత పొడవు గొలుసు లేనిది హామ్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ మామూలు మనుషులు సొంతంగా నడుపుకునే రేడియో. ఒక చిన్న ప్రసార పరికరం, కారు బ్యాటరీ, రెండు చెట్ల మధ్య కట్టిన తీగ ఉంటే చాలు. 7 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యానికి ఆ తీగ పొడవు సుమారు 20 మీటర్లు. ఆ తరంగాలు వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొరకు, అంటే అయనావరణానికి, తగిలి మళ్ళీ భూమికి తిరిగి వస్తాయి కాబట్టి, మధ్యలో ఏ టవరూ లేకుండా వందల కిలోమీటర్ల దూరం మాట వెళుతుంది. ఇద్దరి దగ్గరా బ్యాటరీ ఉంటే సంభాషణ ఉన్నట్టే.

ఇందులో హైదరాబాదుకు ఒక గొప్ప పాత్ర ఉంది. అక్కడి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు అనుమతి తీసుకొని 2004 డిసెంబరులో అండమాన్ వెళ్ళి, పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ కేంద్రం పెట్టారు. ప్రపంచం నలుమూలల ఉన్న హామ్ అభిరుచిగలవారితో మాట్లాడడం అప్పటి ఉద్దేశం. ఒక రకంగా వినోదమే. డిసెంబరు 26న సునామీ వచ్చింది. దీవుల మధ్య సమాచారం తెగిపోయింది. వినోదం కోసం కట్టిన ఆ యాంటెనాల మీదుగానే క్షేమసమాచారాలు, సహాయం కోసం అభ్యర్థనలు రాకపోకలు సాగించాయి. ఆపద రోజు పనికొచ్చింది ఆపద కోసం అటకెక్కించిన పరికరం కాదు, ముందు రోజు దాకా ఎవరో సరదాగా వాడుతూ ఉన్న పరికరం. తుఫాను కోసం ప్రత్యేకంగా కొని బీరువాలో దాచిన సామాను, తీరా తీసేసరికి బ్యాటరీ ఉబ్బి ఉంటుందని మన అందరికీ అనుభవమే.

హామ్ రేడియో వాడడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు కావాలి. దానికి ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, నియమాల మీద పరీక్ష ఉంటుంది. డిగ్రీ చదివేవారికి కష్టం కాదు. మీ కాలేజీలో నలుగురు కలిసి రాయండి, ఒక్కరే రాస్తే మాట్లాడడానికి తోడుండరు.

ప్రశ్న: నాకు మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉంది. పాత బండి ఇంజనుతో విత్తనాలు వేసే చిన్న యంత్రం చేశాను. వీడియో పెట్టమని కొందరు, పెడితే కాపీ కొడతారని కొందరు అంటున్నారు. పేటెంటు తీసుకోవాలా? — ఒక మెకానిక్, సిద్దిపేట జిల్లా

జవాబు: వీడియో మాత్రం ఇప్పుడే పెట్టవద్దు. పేటెంటు కొత్తదానికే వస్తుంది. దరఖాస్తుకు ముందే లోకానికి చూపించిన వస్తువు, చట్టం దృష్టిలో, సాధారణంగా కొత్తది కాకుండా పోతుంది, చూపించింది మీరే అయినా సరే. ముందు తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేయవచ్చు. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. అక్కడి నుంచి 12 నెలల్లోగా పూర్తి వివరణ ఇవ్వాలి. పరిశీలన రుసుము, రాసిపెట్టే ఏజెంటు ఖర్చు వేరు. మంజూరైతే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళు హక్కు ఉంటుంది.

రెండో వైపు కూడా చూడండి. వ్యవసాయ పద్ధతులకు మన చట్టం పేటెంటు ఇవ్వదు. తెలిసిన పరికరాలను, ఎవరి పని వారు చేసుకునేలా, పక్కపక్కన చేర్చినంత మాత్రాన కూడా ఇవ్వదు. ఇంజనును తెచ్చి గొర్రుకు బిగించడం మాత్రమే చేసి ఉంటే కష్టం. విత్తనం ఒక్కొక్కటిగా పడేలా మీరు ఏదైనా కొత్త అమరిక చేసి ఉంటే, మీ ఆవిష్కరణ ఆ అమరికే, దాని చుట్టూ దరఖాస్తు రాయించండి. అహ్మదాబాదు ప్రొఫెసర్ అనిల్ గుప్తా గారు మొదలుపెట్టిన హనీబీ నెట్‌వర్క్, 2000లో ఏర్పడిన జాతీయ ఆవిష్కరణల సంస్థ ఇలాంటివారికి చేయూతనిస్తాయి. ఆ నెట్‌వర్క్‌తో కలిసి హైదరాబాదులో విశ్రాంత బ్రిగేడియర్ గణేశం గారి పల్లె సృజన పనిచేస్తుంది. వాళ్ళు ఊళ్ళు కాలినడకన తిరిగి మీలాంటివారిని వెతుక్కుంటూ వస్తారు; మల్లేశం గారి వెన్నంటి నిలిచినవారిలో వాళ్ళూ ఉన్నారు. తేనెటీగ పువ్వును పేదను చేయకుండా తేనె తీసుకున్నట్టు, చెప్పినవారికి పేరూ ఫలమూ దక్కేలా జ్ఞానాన్ని సేకరించాలన్నది హనీబీ అనే పేరు వెనుక ఉన్న భావం.

పేటెంటు లేకుండా లోకమంతా పాకిన వస్తువు కూడా ఉంది, అది మీ షెడ్డుకు బంధువే. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, రామచంద్ర శర్మ కలిసి కృత్రిమ పాదం చేశారు. శర్మ గారు వైద్యులు కారు, శిల్పకారుడు. విదేశీ కృత్రిమ కాలుతో మఠం వేసుకొని కూర్చోలేరు, గొంతుక్కూర్చోలేరు, చెప్పులు లేకుండా గుడిలోకి వెళ్ళలేరు, బురద పొలంలో దిగలేరు. టైరుకు రబ్బరు ఎక్కించే పని చూసిన శర్మ గారికి, అదే రబ్బరుతో పాదం పోయవచ్చునని తట్టింది. దాన్ని పేటెంటు చేయకుండా వదిలేశారు, నేర్చుకున్న ప్రతి కార్ఖానా చేసుకుంది. మీ యంత్రాన్ని మీరే వంద చేసి అమ్మగలరా, లేక నలుగురు మెకానిక్‌లు నేర్చుకుంటే మేలా అన్నది మీ షెడ్డు పరిమాణం చూసుకొని తేల్చుకోండి. 1,600 రూపాయల దరఖాస్తు మాత్రం ఏ దారిలో వెళ్ళినా వృథా కాదు, ఆలోచించుకోవడానికి ఏడాది గడువు దొరుకుతుంది.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. మా ఊరికి సోలార్ దీపాలు వంద పంపాలనుకుంటున్నాను. ఏవి మంచివి? — ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఏవి మంచివి అనే దానికి ముందు, ఎనిమిదేళ్ళ కిందట నేను కొన్న సోలార్ లాంతరు సంగతి వినండి. రెండు వర్షాకాలాలు చక్కగా వెలిగింది. తర్వాత అరగంటకు మించి వెలగలేదు. బాగుచేయిద్దామని మా వీధి రేడియో మెకానిక్ దగ్గరకు తీసుకువెళితే, ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, స్క్రూ ఎక్కడుందండీ అన్నాడు. ఎక్కడా లేదు. పెట్టె చుట్టూ జిగురుతో అతికించి ఉంది. పగలగొట్టి తెరిస్తే లోపల బ్యాటరీని బోర్డుకే కలిపి టంకం వేసి ఉంచారు. పలక బాగానే ఉంది, బల్బు బాగానే ఉంది, రెండు వందల రూపాయల బ్యాటరీ మార్చే దారి లేక మొత్తం లాంతరు మూలపడింది. సూర్యుడి మీద నడిచేదంతా పర్యావరణానికి మేలు చేసేదే అనుకోవడం ఆ రోజుతో మానుకున్నాను.

రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో బంకర్ రాయ్ మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ ఈ సమస్యను దీపం వైపు నుంచి కాక మనిషి వైపు నుంచి పట్టుకుంది. చదువు రాని, నడివయసు దాటిన పల్లెటూరి స్త్రీలను, బామ్మలను తీసుకువచ్చి, ఆరు నెలల్లో సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పుతారు. భాష తెలియని ఆఫ్రికా దేశాల స్త్రీలు కూడా అక్కడికి వచ్చి నేర్చుకున్నారు. పాఠం రంగుల గుర్తులతో, సైగలతో సాగుతుంది. బామ్మలనే ఎందుకు తీసుకుంటారంటే, కుర్రవాడికి పని నేర్పితే సర్టిఫికెట్టు పట్టుకొని పట్నం వెళతాడు, బామ్మ ఊళ్ళోనే ఉంటుంది.

కాబట్టి వంద దీపాల డబ్బుకు డెబ్బై దీపాలు కొనండి. పెట్టెకు స్క్రూలు ఉన్నవి, బ్యాటరీ ఊడదీయడానికి వచ్చేవి, ఆ బ్యాటరీ మీ మండల కేంద్రంలో దొరికేవి చూసి కొనండి. మిగిలిన డబ్బులో కొంత విడి బ్యాటరీలకు, కొంత ఒక మల్టీమీటరుకు, టంకం వేసే కడ్డీకి, మిగతాది ఊళ్ళో ఒకరికి ఆ పని నేర్పడానికి ఉంచండి. ఆ ఒకరు ఎవరన్నది డాలస్ నుంచి మీరు నిర్ణయించవద్దు. ఊరికి ఫోను చేసి, మిక్సీ చెడిపోతే మీరంతా ఎవరి దగ్గరకు వెళతారని ఒక పది ఇళ్ళలో అడగండి. ఏ పేరు ఎక్కువసార్లు వినిపిస్తే ఆ మనిషికే మొదటి దీపం పంపించి, విప్పి చూడమనండి.